వేగం వేరు – తొందర వేరు

ప్రక్రియ : వ్యాసం

పాఠ్యభాగ ఉద్దేశం

ఆసుపత్రిలోని అత్యవసర విభాగంలో పనిచేసే నర్సుకు కావలసిన జ్ఞానాన్ని, నేర్పును, మనోస్థైర్యాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం, ఆపద ఎదురైనప్పుడు క్రమం తప్పని ఆలోచనే ప్రాణరక్షణకు మూలమని తెలియజెప్పడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగ నేపథ్యం

ఇంటర్మీడియట్ తరువాత నర్సింగ్ విద్యను ఎంచుకొనే విద్యార్థులు ఎందరో ఉన్నారు. నాలుగేళ్ల బి.ఎస్సీ. నర్సింగ్ కోర్సును గాని, మూడేళ్ల జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కోర్సును గాని పూర్తిచేసి, నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకొన్నవారు నర్సులుగా పనిచేయడానికి అర్హులవుతారు. అయితే పట్టా చేతికి రావడంతో నేర్చుకోవడం ముగియదు. సాధారణ వార్డులో రెండేళ్లు పనిచేసిన ఒక యువ నర్సు అత్యవసర విభాగానికి మారడానికి సిద్ధపడిన తీరును ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

రోగి కోలుకోవడానికి నాలుగు ఆధారాలు కావాలని చరకసంహిత చెబుతుంది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి – ఇవే ఆ నాలుగు. వీటిని చికిత్సకు నాలుగు పాదాలుగా ఆ గ్రంథం భావించింది. మంచానికి ఒక కోడు విరిగితే మిగిలిన మూడు కోళ్లు ఎంత గట్టివైనా మంచం నిలవదు. చికిత్స కూడా అంతే. పరిచారకునికి ఉండవలసిన గుణాలను సైతం ఆ గ్రంథం నాలుగుగానే పేర్కొంది. ఉపచారం ఎలా చేయాలో తెలిసి ఉండటం, దక్షత, రోగి పట్ల అనురాగం, శుచిత్వం అనేవి ఆ గుణాలు. శతాబ్దాల క్రితం చెప్పిన ఈ మాటలలో నేటి నర్సింగ్ వృత్తి సారం ఇమిడి ఉంది.

ఆధునిక కాలంలో ఈ సేవను శాస్త్రీయమైన వృత్తిగా తీర్చిదిద్దిన మహనీయురాలు ఫ్లారెన్స్ నైటింగేల్. 1854లో క్రిమియా యుద్ధ సమయంలో 38 మంది మహిళలతో కలిసి స్కుటారి సైనిక వైద్యశాలకు వెళ్లి ఆమె గాయపడిన సైనికులకు సేవ చేసింది. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ వైద్యశాలలో నర్సుల శిక్షణాలయాన్ని నెలకొల్పింది. దీపం చేతబట్టి తిరిగిన కరుణామూర్తిగానే లోకం ఆమెను ఎక్కువగా స్మరిస్తుంది. కాని ఆమె గణాంకశాస్త్రం తెలిసిన విదుషి. ఎందరు మరణిస్తున్నారో, ఏ కారణం చేత మరణిస్తున్నారో లెక్కగట్టి పాలకుల ముందు పెట్టింది. నర్సుకు కరుణ ఎంత అవసరమో, లెక్క కూడా అంతే అవసరమని ఆమె జీవితం నిరూపించింది.

ఈ కరుణకు, ఈ లెక్కకు ఏకకాలంలో పరీక్ష జరిగే చోటు ఆసుపత్రిలోని అత్యవసర విభాగం. జనం దీనిని క్యాజువాలిటీ అంటారు. వార్డులో నర్సుకు తన రోగులెవరో ముందే తెలుసు. వారి వ్యాధి ఏమిటో, ఏ వేళకు ఏ మందు ఇవ్వాలో కేసుషీటులో రాసి ఉంటుంది. క్యాజువాలిటీలో అలా కాదు. తలుపు తెరుచుకొనే వరకు వచ్చేది పసిబిడ్డో, నిండు గర్భిణియో, గుండె పట్టుకొని కూలబడిన పెద్దమనిషో తెలియదు. రోగి పేరు తెలియకముందే అతని ప్రాణస్థితి తెలుసుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు సేవ ప్రారంభమైన తరువాత, రోడ్డు మీదనో పొలంలోనో ఆపద పాలైనవారు వేగంగా ఆసుపత్రి గుమ్మం చేరగలుగుతున్నారు. గుమ్మం చేరిన ప్రాణాన్ని చాలాసార్లు మొదట పలకరించేది నర్సే.

ఒక జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో రెండేళ్లుగా మెడికల్ వార్డులో పనిచేస్తున్న యువ నర్సుకు, మూడు వారాల తరువాత క్యాజువాలిటీలో చేరవలసిందిగా ఉత్తర్వు అందింది. అది ఆమె కోరుకొన్న మార్పే. అయినా ఉత్తర్వు అందిన రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. అందుకు కారణం ఒక జ్ఞాపకం.

ఏడాది క్రితం ఒక రాత్రి డ్యూటీలో, జ్వరంతో చేరిన ఒక వృద్ధుడు నిమిషానికి 28 సార్లు శ్వాసిస్తున్నట్లు ఆమె గమనించింది. ఆ అంకెను చార్టులో శుభ్రంగా రాసింది. ఆయన మెలకువగానే ఉన్నాడు, అడిగినదానికి సమాధానం చెబుతున్నాడు. అంతమాత్రానికి డాక్టరును నిద్రలేపడం బాగుండదేమోనని ఆమె సంకోచించింది. తెల్లవారేసరికి శ్వాస 36కు పెరిగింది. ఆయనను ఇంటెన్సివ్ కేర్ విభాగానికి తరలించవలసి వచ్చింది. ఆయన బతికాడు. ఆమెను ఎవరూ నిందించలేదు. చార్టులో వేళ తప్పలేదు, అంకె తప్పలేదు. కాని రాయవలసినది రాసి, చెప్పవలసినది చెప్పలేదన్న సంగతి ఆమె మనస్సుకు తెలుసు.

మరునాడు ఆమె క్యాజువాలిటీ హెడ్ నర్సును కలిసి ఆ విషయం దాచకుండా విన్నవించింది.

“మేడమ్, వార్డులోనే నోరు విప్పి చెప్పలేకపోయాను. ఇక్కడ ఎలా నెగ్గుకొస్తానో తెలియడం లేదు” అన్నది.

హెడ్ నర్సు ఆ మాటలు శాంతంగా విన్నది. “భయపడుతున్నావు కనుకనే నీకు నేర్పవచ్చమ్మా. భయం లేకుండా ఇక్కడికి వచ్చేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. ఇంకా మూడు వారాలుంది కదా! రోజూ నీ డ్యూటీ అయిన తరువాత ఒక గంట ఇక్కడికి రా” అని చెప్పింది.

ఒకచోట ఆరితేరిన నర్సు మరొకచోట కొత్తదై నిలబడటం వింత కాదు. అమెరికాకు చెందిన నర్సింగ్ ఆచార్యురాలు పాట్రిషియా బెన్నర్ 1984లో ప్రచురించిన ‘ఫ్రం నోవిస్ టు ఎక్స్‌పర్ట్’ అనే గ్రంథంలో ఈ విషయాన్ని విపులంగా చర్చించింది. నర్సు నైపుణ్యం ఆరంభ దశ నుంచి నిపుణ దశ వరకు ఐదు మెట్లుగా వికసిస్తుందని ఆమె వివరించింది. అనుభవజ్ఞురాలైన నర్సు కూడా తనకు పరిచయం లేని రోగుల మధ్యకు వెళ్లినప్పుడు తిరిగి మొదటి మెట్టు మీద నిలబడవలసి రావచ్చునని చెప్పింది. ఆరంభ దశలో ఉన్నవారికి నియమాలే ఊతకర్ర. అనుభవం పెరిగేకొద్దీ పరిస్థితి మొత్తాన్ని ఒక్క చూపులో గ్రహించే శక్తి అలవడుతుంది. ఈ విషయం తెలుసుకొన్న తరువాత ఆ యువ నర్సుకు తన తడబాటు లోపంగా కాక, ఒక దశగా కనిపించింది.

మొదటి వారం హెడ్ నర్సు ఆమెకు ఒక్క రోగిని కూడా అప్పగించలేదు. అత్యవసర మందుల ట్రాలీని అప్పగించింది. అడ్రినలిన్ ఏ అరలో ఉంది, అట్రోపిన్ ఏ అరలో ఉంది, గడువు తీరిన మందులేమైనా ఉన్నాయా, ఆక్సిజన్ సిలిండరులో ఎంత ఒత్తిడి మిగిలి ఉంది, గొంతులోని స్రావాలను లాగే సక్షన్ యంత్రం పనిచేస్తున్నదా, శ్వాసనాళంలో గొట్టం వేసేటప్పుడు వాడే లారింజోస్కోపు బల్బు వెలుగుతున్నదా – ఇవన్నీ ఆమె రోజూ పరిశీలించి సంతకం చేయాలి. మూడు రోజులకే ఆ పని విసుగనిపించింది. నాలుగవ రోజున గుండె ఆగిన ఒక రోగిని తీసుకొనివచ్చారు. డాక్టరు అడ్రినలిన్ అడిగిన మరుక్షణమే నర్సు చేయి నేరుగా రెండవ అరలోకి వెళ్లింది. వెతకడం లేదు, తడుముకోవడం లేదు. ఆ చేతికి అంత వేగం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు అప్పుడు బోధపడింది. ఆపద వచ్చిన తరువాత వేగం పుట్టదు. ఆపద రాకముందు చేసిన అమరికలో పుడుతుంది.

రెండవ వారంలో ఆమె రోగిని చూసే క్రమం నేర్చుకొంది. అత్యవసర విభాగంలో రోగిని పరీక్షించే పద్ధతిని ఆంగ్ల అక్షరాల వరుసలో ‘ఏ, బి, సి, డి, ఇ’ అని గుర్తుపెట్టుకొంటారు. మొదటిది శ్వాసమార్గం, అది తెరిచి ఉందా, మూసుకొనిపోయిందా అని చూడాలి. రెండవది శ్వాస, ఛాతీ రెండువైపులా సమంగా కదులుతున్నదా, నిమిషానికి ఎన్నిసార్లు కదులుతున్నదో లెక్కించాలి. మూడవది రక్తప్రసరణ, నాడి, రక్తపోటు, రక్తస్రావం చూడాలి. నాలుగవది స్పృహ, కంటిపాపల స్పందన. ఐదవది శరీరమంతా పరిశీలించడం. దుస్తుల చాటున దాగిన గాయమేదైనా ఉందేమో గమనించి, రోగికి చలి తగలకుండా తిరిగి కప్పాలి. ఈ వరుస మారకూడదు. విరిగిన కాలు భయంకరంగా కనిపించి చూపును లాగుతుంది. కాని మూసుకొనిపోయిన శ్వాసమార్గం కొద్ది నిమిషాలలోనే ప్రాణం తీస్తుంది. కంటికి ఘోరంగా కనిపించేది, ప్రాణానికి ఘోరమైనది ఎప్పుడూ ఒకటి కాదు.

ఒకేసారి పలువురు వచ్చినప్పుడు ఎవరిని ముందు చూడాలనేది మరొక సమస్య. ఈ విభజనను ట్రయాజ్ అంటారు. నెపోలియన్ సైన్యంలో శస్త్రవైద్యుడైన డొమినిక్ లారే హోదాను బట్టి కాక, గాయం తీవ్రతను బట్టి సైనికులకు చికిత్స చేయాలని నిర్ణయించి ఈ పద్ధతికి బాటలు వేశాడు. నేడు అనేక ఆసుపత్రులలో రోగులను రంగుల వారీగా విభజిస్తున్నారు. తక్షణం ప్రాణాపాయం ఉన్నవారిది ఎరుపు, త్వరగా చూడవలసినవారిది పసుపు, కొంతసేపు ఆగగలిగినవారిది ఆకుపచ్చ. “గట్టిగా అరిచేవాడికి శ్వాసమార్గం తెరిచే ఉంటుంది. మూలన మౌనంగా ఉన్నవాడిని ముందు చూడు” అని హెడ్ నర్సు ఆమెకు చెప్పింది. పలుకుబడి గలవారు, పదిమందిని వెంటబెట్టుకొని వచ్చినవారు ముందు తమనే చూడాలని పట్టుపట్టడం సహజం. అటువంటి వేళ నర్సు మర్యాద తప్పకుండా, నిర్ణయం మార్చుకోకుండా నిలబడాలి. ఇది కూడా వైద్యనైపుణ్యమే.

అంకెలను ఆమె కొత్తగా చదవడం నేర్చుకొంది. విశ్రాంతిగా ఉన్న వయోజనుడు సాధారణంగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు శ్వాసిస్తాడు. నాడి 60 నుంచి 100 వరకు ఉంటుంది. స్పృహను కొలవడానికి 1974లో గ్లాస్గో నగరంలో రూపొందిన కొలమానం ప్రకారం పూర్తి స్పృహకు 15, అతి తక్కువకు 3 అంకెలు. ఛాతీనొప్పితో వచ్చినవారికి 10 నిమిషాలలోపు ఈసీజీ తీయాలి. గుండె ఆగినవారికి ఛాతీ మధ్యభాగంలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవారికైతే కనీసం 5 సెంటీమీటర్ల లోతున ఒత్తాలి. ఈ అంకెలు పరీక్ష కోసం ఆమె లోగడ చదివినవే. ఇప్పుడు ఒక్కొక్క అంకె వెనుక ఒక్కొక్క ముఖం కనిపించసాగింది. 28 అనే అంకె వెనుక ఆ వృద్ధుని ముఖం ఉంది.

మూడవ వారంలో ఆమె నేర్చుకొన్నది మాట. రోగి స్థితిని డాక్టరుకు చెప్పేటప్పుడు నాలుగు విషయాలు వరుసగా చెప్పాలి. ఇప్పుడు ఏమి జరుగుతున్నది, దీనికి ముందు ఏమి జరిగింది, తాను ఏమని అనుకొంటున్నది, ఏమి చేయవలసిందిగా కోరుతున్నది. ఈ నాలుగవ మాట దగ్గరే కొత్త నర్సుల గొంతు తడబడుతుంది. పెద్దవారికి చెప్పడమేమిటన్న జంకు కలుగుతుంది. హెడ్ నర్సు ఆమె చేత ఆ పాత కేసునే తిరిగి చెప్పించింది. “సార్, మూడవ బెడ్డులోని రోగికి శ్వాస 28 ఉంది. మూడు రోజులుగా జ్వరం. సాయంత్రం 20 ఉండేది. ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ పెరుగుతున్నదేమోనని అనుమానంగా ఉంది. మీరు వెంటనే వచ్చి చూడాలి.” ఈ ఐదు వాక్యాలు చెప్పడానికి అర నిమిషమైనా పట్టలేదు. ఏడాది పాటు మనస్సును బాధించిన భారం ఆ అర నిమిషంలోనే ఉన్నదని తెలిసి ఆమె కళ్లు చెమర్చాయి.

అదే విధంగా డాక్టరు నోటితో చెప్పిన మందును, మోతాదును తాను తిరిగి పైకి చెప్పి ఖాయపరచుకోవడం ఆమె అలవాటు చేసుకొంది. సరియైన రోగి, సరియైన మందు, సరియైన మోతాదు, సరియైన మార్గం, సరియైన సమయం – ఈ ఐదింటిని ఎంత ఒత్తిడిలోనైనా విడిచిపెట్టకూడదు. వినబడని మాటను ఊహించుకోవడం కన్న మళ్లీ అడగడం మేలు. అడిగినందుకు ఒకరు విసుక్కోవచ్చు. అడగనందుకు ఒక ప్రాణం పోవచ్చు.

తెలుగు నేల మీద క్యాజువాలిటీకి వచ్చే ఆపదలలో కొన్నింటిని నర్సు ప్రత్యేకంగా తెలుసుకొని ఉండాలి. పురుగుల మందు తాగినవారికి, ఆ మందు ఆర్గనోఫాస్ఫరస్ జాతికి చెందినదైతే, కంటిపాపలు సూదిమొనలంతగా కుంచించుకొనిపోతాయి; నోటి నుంచి చొంగ కారుతుంది; ఊపిరితిత్తులలో స్రావాలు నిండుతాయి. విషంతో తడిసిన దుస్తులు తొలగించి శరీరం కడగాలి. ఆ పని చేసే నర్సు ముందుగా చేతులకు గ్లౌజులు తొడుక్కోవాలి. తనను తాను రక్షించుకోని నర్సు మరొకరిని రక్షించలేదు. అటువంటి రోగిని ఎందుకు తాగావని నిలదీయడం తగదు. బతకాలన్న కోరిక తిరిగి మొలకెత్తడానికి నర్సు పలికే ఒక మంచిమాట కారణం కావచ్చు.

పాముకాటు మరొకటి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర మన దేశంలో ఎక్కువగా ప్రాణాలు తీసే విషసర్పాలు. పింజరల విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తుంది. అందుకే పొడిగా, శుభ్రంగా ఉన్న గాజుగొట్టంలో కొద్దిగా రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందో లేదో చూస్తారు. నాగుపాము, కట్లపాముల విషం నరాల మీద పనిచేసి శ్వాసకండరాలను స్తంభింపజేస్తుంది. కట్లపాము సాధారణంగా రాత్రివేళ, నేల మీద నిద్రించేవారిని కాటువేస్తుంది. నొప్పి గాని, గాటు గాని దాదాపు కనిపించకపోవచ్చు. కాటువేసినచోట కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం ఎంత మాత్రం పనికిరావు. కాటుపడిన అవయవాన్ని కదలనీయకుండా ఉంచి, వెంటనే ఆసుపత్రికి చేర్చడమే మార్గం.

చట్టం గురించిన అవగాహన కూడా అత్యవసర విభాగంలో అవసరం. ప్రమాదంలో గాయపడినవారికి ముందు చికిత్స జరగాలని, పోలీసు లాంఛనాల కోసం దానిని ఆపరాదని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో స్పష్టం చేసింది. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చిన దారినపోయే ఉపకారులకు 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ కల్పించింది. కనుక ఒకరిని మోసుకొనివచ్చిన అపరిచితుని అనుమానంతో ప్రశ్నించక, ఆదరంతో మాట్లాడాలి. అతడు చేసినది మహోపకారం.

ఈ విధంగా సిద్ధపడిన యువ నర్సు ఒకటవ తేదీన క్యాజువాలిటీలో చేరింది. నాలుగవ రోజు రాత్రి డ్యూటీ. తెల్లవారుజామున నాలుగు గంటలకు రోడ్డు ప్రమాదంలో గాయపడిన ముగ్గురు వచ్చారు. కేకలతో, బంధువుల రోదనలతో గది నిండిపోయింది. అదే సమయంలో ఒక తల్లి, ఇరవై ఏళ్ల కొడుకును భుజాన ఆనించుకొని వచ్చి గోడవార బెంచీ మీద కూర్చోబెట్టింది.

“కడుపునొప్పి అంటున్నాడమ్మా. రాత్రి తిన్నది పడలేదేమో. వాళ్లను చూసినాకనే చూడండి, మేం ఆగుతాం” అన్నదామె.

నర్సు ఆ యువకుని నాడి చూసింది, 96. రక్తపోటు సరిగానే ఉంది. శ్వాస నిమిషానికి 24. ఒంటి మీద గాయం లేదు. కాని తల ఎత్తి చూడమన్నప్పుడు అతని కనురెప్పలు సగం వాలిపోయే ఉన్నాయి. నిద్రమత్తు అని తల్లి అనుకొన్నది. నర్సు వేలు చూపి పైకి చూడమన్నది. అతడు ప్రయత్నించాడు. రెప్పలు లేవలేదు. మాట ముద్దగా వచ్చింది. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమంటే తొమ్మిదికే ఆగిపోయాడు.

“రాత్రి ఎక్కడ పడుకొన్నాడమ్మా?” అని నర్సు అడిగింది.

“పొలం దగ్గర పాకలో తల్లీ. కింద గోనెపట్టా పరుచుకొని పడుకొన్నాడు” అన్నదామె.

క్షణకాలం పాత సంకోచం తిరిగి తలయెత్తింది. డాక్టరు రక్తస్రావం ఆపే పనిలో ఉన్నాడు. ఒంటి మీద గాటు కనిపించడం లేదు. తన అనుమానం తప్పయితే? ఆమె ఆ ప్రశ్నను పక్కనపెట్టింది. యువకుని ఎరుపు విభాగంలోని మంచం మీదకు చేర్చి, ఆక్సిజన్ సిద్ధం చేసి, డాక్టరు దగ్గరకు వెళ్లింది.

“సార్, వెంటనే చూడవలసిన రోగి ఉన్నాడు. ఇరవై ఏళ్లు. రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా ఉంది, శ్వాస 24. రాత్రి పొలంలో నేల మీద పడుకొన్నాడు, తెల్లవారుజామున కడుపునొప్పితో లేచాడు. కట్లపాము కాటేమోనని అనుమానం. మీరు ఇప్పుడే రావాలి. విషానికి విరుగుడు మందు, శ్వాసగొట్టం సిద్ధం చేస్తున్నాను.”

డాక్టరు తలయెత్తి చూశాడు. గాయం మీది ఒత్తిడిని సహాయకునికి అప్పగించి వచ్చాడు. యువకుని కళ్లను, మెడను పరీక్షించి “మొదలుపెట్టండి” అన్నాడు. గాజుగొట్టంలోని రక్తం 20 నిమిషాలకు మామూలుగానే గడ్డకట్టింది. నరాల మీద పనిచేసే విషంలో అది సహజం కనుక ఆ ఫలితం వారిని ఏమరుపాటుకు గురిచేయలేదు. విరుగుడు మందు వికటించే ప్రమాదం ఉన్నందున నర్సు అడ్రినలిన్‌ను అందుబాటులో పెట్టుకొని రోగి పక్కనే నిలబడింది. గంట గడవకముందే యువకుని శ్వాస బలహీనపడింది. శ్వాసనాళంలో గొట్టం వేయవలసి వచ్చింది. ఆ క్షణంలో ఆమె చేయి దేని కోసమూ వెతకలేదు.

ఐదవ రోజున అతడు తనంతట తాను ఊపిరి తీసుకోసాగాడు. తల్లీకొడుకులు ఇంటికి వెళ్లేటప్పుడు క్యాజువాలిటీ గుమ్మం ముందు నుంచే వెళ్లారు. లోపల ఏ నర్సు ఉన్నదో వారికి తెలియదు. ఆమె అప్పుడు మరొక రోగి దగ్గర ఉన్నది.

ఆనాటి రాత్రి ఆమెకు భయం కలగలేదని చెప్పడానికి లేదు. గుండె దడదడలాడుతూనే ఉంది. కాని భయం ఆమెను తొందరపెట్టలేదు, నోరు మూయించలేదు. చూడవలసినది వరుసగా చూసింది, అడగవలసినది అడిగింది, చెప్పవలసినది చెప్పింది. తొందరపడినవారికి కేకలే వినిపిస్తాయి. వేగం నేర్చినవారికి మౌనం కూడా వినిపిస్తుంది. భారత నర్సింగ్ మండలి గుర్తించిన ఏడాది వ్యవధి గల అత్యవసర, విపత్తు నర్సింగ్ డిప్లొమా వంటి ఉన్నత శిక్షణలు ఈ మార్గంలో ముందుకు సాగదలచినవారికి ఉన్నాయి. ఆమె వాటి వైపు దృష్టి సారించింది. ఆ తెల్లవారి డ్యూటీ ముగిసిన తరువాత మాత్రం ఆమె చేసిన పని ఒక్కటే. వాడిన మందుల స్థానంలో కొత్తవి పెట్టి, లారింజోస్కోపు బల్బు వెలిగించి చూసి, ట్రాలీ పుస్తకంలో సంతకం చేసి ఇంటికి వెళ్లింది. ఆ తరువాత వచ్చే నర్సు చేయి కూడా దేని కోసమూ వెతకకూడదు కదా!

కఠిన పదాలు – అర్థాలు

పరిచారకుడు : సేవ చేసేవాడు
దక్షత : సామర్థ్యం, నేర్పు
శుచిత్వం : పరిశుభ్రత
విదుషి : పండితురాలు
కోడు : మంచపు కాలు
సంకోచం : జంకు, వెనుకాడటం
ప్రాణాపాయం : ప్రాణానికి ముప్పు
స్రావం : కారే ద్రవం
స్తంభింపజేయు : కదలకుండా చేయు
ఏమరుపాటు : అజాగ్రత్త
లాంఛనం : నియమం ప్రకారం జరిపే తంతు

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. అత్యవసర విభాగంలో చేరడానికి యువ నర్సు మూడు వారాలలో ఏ విధంగా సిద్ధపడిందో వివరించండి.
2. ‘వేగం వేరు – తొందర వేరు’ అనే శీర్షిక ఈ పాఠానికి ఎట్లా తగినదో చర్చించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. చరకసంహిత పేర్కొన్న చికిత్సా పాదాలను, పరిచారకుని గుణాలను తెలపండి.
2. ట్రయాజ్ పద్ధతిని గురించి రాయండి.
3. వృద్ధుని విషయంలో యువ నర్సు చేసిన పొరపాటు ఏమిటి? దానిని ఆమె ఎట్లా దిద్దుకొంది?
4. పాముకాటు విషయంలో చేయవలసిన, చేయకూడని పనులను తెలపండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. నైటింగేల్ నర్సుల శిక్షణాలయాన్ని ఎప్పుడు నెలకొల్పింది?
2. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ ఎప్పుడు ప్రారంభమైంది?
3. ఛాతీనొప్పితో వచ్చినవారికి ఎంత సమయంలోపు ఈసీజీ తీయాలి?
4. పాట్రిషియా బెన్నర్ నర్సు నైపుణ్యాన్ని ఎన్ని మెట్లుగా వివరించింది?

IV. సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి
1. “మూలన మౌనంగా ఉన్నవాడిని ముందు చూడు.”
2. “వాళ్లను చూసినాకనే చూడండి, మేం ఆగుతాం.”

V. వ్యాకరణాంశాలు
సంధులు
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘ సంధి
మహోపకారం = మహా + ఉపకారం – గుణ సంధి

సమాసాలు
పాముకాటు – పాము యొక్క కాటు – షష్ఠీ తత్పురుష సమాసం
తల్లీకొడుకులు – తల్లియును, కొడుకును – ద్వంద్వ సమాసం
మూడు వారాలు – మూడైన వారాలు – ద్విగు సమాసం

VI. ప్రాజెక్టు పని
సమీపంలోని ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సును కలిసి, ఆమె వృత్తిలోని తొలి రోజుల అనుభవాలను అడిగి తెలుసుకొని ఒక పుటకు మించకుండా రాయండి.